కప్పు సిస్టర్

కంటి ఆస్పత్రిలో అందరూ ఆమెను కప్పు సిస్టర్ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. అది అక్కడి నుంచి బయటికి రాక చాలా ఏళ్ళయింది.

క్యాజువాలిటీ గదిలో ఆమె బల్ల సొరుగు లాగితే పేపర్ కప్పులు, ఒకదానిలో ఒకటి దూర్చిన పొడుగాటి దొంతర. కాస్త ఖాళీ దొరికితే కత్తెర తీస్తుంది. కప్పు అడుగు నుంచి రెండు వేళ్ళ ఎత్తు కొలిచి చుట్టూ కోస్తుంది. కోసిన అంచుకి మెత్తటి ప్లాస్టరు అంటిస్తుంది. అదే కంటికి మూత. పై అంచు కనుబొమ ఎముక మీద ఆనాలి, కింది అంచు చెంప ఎముక మీద. మధ్యలో కంటికి గాలి తప్ప ఏదీ తగలకూడదు. కనుగుడ్డులోకి ఏదైనా దిగిన కన్ను చిల్లుపడిన బుడగ. ఒత్తితే లోపలిది బయటికొస్తుంది. వచ్చినదంతా వెనక్కి వెళ్ళదు.

ఆస్పత్రికి ప్లాస్టిక్ మూతలు వస్తాయి. వచ్చిన పది రోజులకే అయిపోతాయి. మూడేళ్ళు అడిగి అడిగి, ఆమె అడగడం మానేసి కత్తెర పట్టింది. కోసిన కప్పులు ఆస్పత్రి దాటి కూడా వెళ్ళాయి. కనిపించిన టీచరు చేతిలో ఒకటి, సైకిల్ షాపు అతని చేతిలో ఒకటి పెట్టేది. "కంట్లో ఏదైనా గుచ్చుకుంటే లాగొద్దు, కడగొద్దు, ఒత్తొద్దు. ఇది బోర్లించి పంపు" అనేది. వాళ్ళు తలూపేవాళ్ళు.

ఆమె భర్త దర్జీ. "మా ఇంట్లో రెండు కత్తెరలు" అంటాడు షాపుకి వచ్చినవాళ్ళతో. "నాది బట్టలు కత్తిరిస్తుంది. ఆవిడది పగలు కప్పుల్ని, సాయంత్రం నన్ను కత్తిరిస్తుంది. నాదే ముందు మొద్దుబారేట్టుంది."

అతను అన్నది అబద్ధం కాదు. ఆమెకు కోపం ఎక్కువ. కాని ఆ కోపం నోటితో మొదలవదు. ముందు చేతులు నెమ్మదిస్తాయి. ట్రేలో కత్తెర పెట్టే చప్పుడు కూడా వినపడదు. ఆ తర్వాత నోరు లేస్తుంది. క్యాజువాలిటీ ఆయా ఈ సంగతి కనిపెట్టి పదేళ్ళయింది. "అక్క చేతులు నెమ్మదించాయి. ఎవడికో మూడింది" అని గుమ్మం దగ్గరున్న వాచ్‌మన్‌కి చెప్తుంది.

ఆమె కోపమంతా కట్ల మీద. ముప్పయ్యేళ్ళలో చూసిన గాయాలు ఆమెను ఇంత మండించలేదు. పెన్సిలు గుచ్చుకున్న ఏడేళ్ళవాడు, తీగ తగిలిన పదేళ్ళ పిల్ల, అద్దం పగిలి గుచ్చుకున్న కాలేజీ కుర్రాడు. దెబ్బలు తగులుతాయి, పిల్లలన్నాక. ఆ దెబ్బ మీద ఎవరో దూది కుక్కి, గుడ్డ చుట్టి, ముడి బిగించి, మంచిపని చేసిన ముఖం పెట్టుకుని తీసుకొస్తారే, అది ఆమె భరించలేదు. ఎక్కడ నేర్చుకుంటారు వీళ్ళు ఇది? ఎవడు నేర్పుతాడు? ఇరవై ఏళ్ళుగా అడుగుతూనే ఉంది.

ఒకనాడు మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చిన కట్టు చాలా అందంగా ఉంది.

పదిహేడేళ్ళ పిల్ల. నూనె మరకల నీలం చొక్కా. తల చుట్టూ నాలుగు వరసల తెల్లటి కట్టు, ఒక్క మడత కూడా జారలేదు. కుడి కంటి మీద దూది గుడ్డంత ఉబ్బి ఉంది. పక్కన ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, గోళ్ళలో ఇనుప రజను. సాంకేతిక శిక్షణ పాఠశాలలో ఫిట్టర్ పని నేర్పే మాష్టారు.

"ఉలి పెచ్చు మేడమ్" అన్నాడు. "సుత్తితో కొడుతుంటే ఎగిరింది. చిన్నదే. రక్తం కూడా పెద్దగా రాలేదు. వెంటనే ఫస్ట్ ఎయిడ్ చేసేశాం."

సిస్టర్ అతని వైపు చూడలేదు. పిల్లని కుర్చీలో కూర్చోబెట్టింది. కత్తెర తీసుకుంది. చేతులు నెమ్మదించాయి. ఆయా గుమ్మం దగ్గరికి జరిగింది.

కట్టును విప్పలేదు. విప్పితే లాగుతుంది. చెవి పక్కన కోసి, వరస తర్వాత వరస రాల్చింది. దూది చివర తడిసి రెప్పకి అంటుకుని ఉంది. ఉప్పునీళ్ళు చుక్క చుక్కగా పోసింది. అయిదు నిమిషాలు పట్టింది దూది తనంతట తను ఊడటానికి.

"పైకి చూడమ్మా. నువ్వు తెరిచినంతే. నేను ముట్టుకోను."

నల్లగుడ్డు మీద చిన్న గీత. గోటితో గిల్లినంత. ఆ గీతలోంచి లోపలి గోధుమరంగు పొర బియ్యపుగింజంత బయటికొచ్చి ఉంది. కనుపాప గుండ్రంగా లేదు. ఆ గీతవైపు సాగి నీటిబొట్టులా అయింది.

సిస్టర్ సొరుగులోంచి కప్పు తీసి బోర్లించింది. పైన ఒక ప్లాస్టరు, కింద ఒక ప్లాస్టరు. ఆ తర్వాత మాష్టారిని రమ్మని తెర అవతలికి వెళ్ళింది. అప్పుడు నోరు లేచింది.

"ఎవరు కట్టారు ఇది?"

"నేనే మేడమ్."

"ఎంత బాగా కట్టావో తెలుసా? పెళ్ళిపందిరి గుంజ కూడా ఇంత గట్టిగా కట్టరు. కంట్లో ఉన్నది పిండి బయటికి తెచ్చావు. ఈ కట్టు కట్టిన చెయ్యి విరగ్గొట్టాలి!"

ఆ మాట క్యాజువాలిటీ దాటి వరండాలోకి వినిపించింది. అప్పుడే మెట్లెక్కి వస్తున్న తల్లి చెవిన కూడా పడింది.

తల్లి సిటీ బస్సులో కండక్టరు. డ్యూటీలోంచే వచ్చింది, ఖాకీ చొక్కాతో, భుజాన తోలుసంచితో. తెర తీసి కూతురి ముఖం మీద పేపర్ కప్పు చూసింది.

"ఇదేంటే, టీ కప్పు పెట్టారు?"

"టీ లేదులేమ్మా, ఖాళీదే" అంది పిల్ల.

కంటి డాక్టరమ్మ వచ్చింది. సిస్టర్ కన్నా పాతికేళ్ళు చిన్నది, మాట తక్కువ. కప్పు ఎత్తి, లైటు వేసి చూసి, మళ్ళీ కప్పు పెట్టింది. స్కాన్‌కి పంపింది. స్కాన్‌లో కంటి వెనక భాగాన తెల్లటి చుక్క, నువ్వుగింజలో సగం. ఉలి పెచ్చు అక్కడ కూర్చుంది.

"ముందు గాయం కుట్టేయాలి. ఆ ముక్క సంగతి రెటీనా డాక్టరు చూస్తారు. వెంటనే తీసుకుందాం" అంది డాక్టరమ్మ. "ఏమైనా తిన్నావా అమ్మా?"

"కాఫీ తాగాను. రెండు బిస్కెట్లు."

"ఎప్పుడు?"

"దార్లో. పన్నెండుంబావుకి. కళ్ళు తిరుగుతున్నాయంటే మాష్టారు ఇప్పించారు."

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. కడుపులో తిండి ఉండగా మత్తు ఇవ్వకూడదు. ఆరు గంటలు ఆగాలి. సాయంత్రం ఆరున్నర.

సిస్టర్ వాంతి కాకుండా ఇంజక్షను చేసింది, వాంతి అయితే కంటి మీద ఒత్తిడి పడుతుంది గనక. ధనుర్వాతానికి ఒకటి, చీము పట్టకుండా ఒకటి. సూది గుచ్చిన సంగతి కూడా పిల్లకి తెలియలేదు. అంత నెమ్మదిగా ఉన్నాయి చేతులు.

ఆరున్నర దాకా పిల్ల తల కాస్త ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. దగ్గకూడదు, ముక్కకూడదు, ఏడవకూడదు. సిస్టర్ పక్కన స్టూలు వేసుకుంది.

"ఏడుపొస్తే?" అంది పిల్ల.

"మింగెయ్."

"ఏమీ తాగొద్దన్నారుగా."

సిస్టర్‌కి నవ్వు రాబోయి ఆగింది. "నోరు బాగానే ఉంది నీకు. ఏ పని నేర్చుకుంటున్నావు?"

"ఫిట్టర్. రెండో ఏడు. ముప్పైమందిలో ఆడపిల్లలం ముగ్గురం. మొదటి ఏడు నన్ను ఊడ్చే పనికి వచ్చాననుకున్నారు. ఇప్పుడు నా దగ్గరికే తెచ్చుకుంటారు, వెలుతురు చూసిపెట్టమని."

"వెలుతురేంటి?"

పిల్ల రెండు అరచేతులు అంచులు కలిపి ఎడమ కంటి ముందు ఎత్తింది. "ఇనుప పలకని ఆకురాయితో అరగదీస్తాం కదా. సమంగా వచ్చిందా లేదా అని మూలమట్టం, అదే ఎల్ ఆకారపు ఇనుప కొలబద్ద, ఆనించి, కిటికీవైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూడాలి. సందులోంచి వెలుతురు కనబడితే ఇంకా అరగదీయాలి. ఏమీ కనబడకపోతే సరిపోయినట్టు. వెంట్రుకలో పదోవంతు సందున్నా నాకు తెలిసిపోతుంది."

"ఏ కంటితో చూస్తావు?"

పిల్ల చేతులు దించింది. "కుడి కంటితో. ఎడమది మూస్తాను. ఇంకోలా రాదు నాకు." అరచేతులు చొక్కాకి తుడుచుకుంది. "పై వారం పరీక్ష. నెగ్గినవాళ్ళని రైలు వర్క్‌షాపు వాళ్ళు తీసుకుంటారు. సిస్టర్, నాకిది మళ్ళీ వస్తుందా?"

ముప్పయ్యేళ్ళలో ఈ ప్రశ్నకి ఆమె ఏనాడూ వస్తుందని చెప్పలేదు, రాదనీ చెప్పలేదు. "కుట్టాక తెలుస్తుంది" అంది.

"మీరు మాష్టారిని తిట్టారు. విన్నాను."

"తిట్టకుండా ముద్దుపెట్టుకుంటారా?"

"తిట్టాల్సిందే. ఉలి తల విచ్చుకుపోయి ఉంది. సుత్తి దెబ్బలకి అలా పువ్వులా విచ్చుకుంటుంది. దాన్ని గ్రైండరు మీద పెట్టి అరగదీయాలి, లేకపోతే పెచ్చులు ఎగురుతాయి. పుస్తకంలో మొదటి పాఠమే అది. గ్రైండరు పాడై రెండు నెలలైంది."

"కళ్ళద్దాలు ఇవ్వరా?"

"ఇరవై జతలున్నాయి. బీరువాలో. గీతలు పడతాయని తాళం వేశారు. ఇన్‌స్పెక్షను రోజున అందరం పెట్టుకుంటాం."

సిస్టర్ స్టూలు మీంచి లేచింది. ఉప్పునీళ్ళ సీసా మూత బిగించింది, చాలా నెమ్మదిగా. ఆయాని పిల్ల దగ్గర కూర్చోమని వరండాలోకి నడిచింది. ఇంక ఆ మాష్టారికి చెప్పుకోడానికి మిగిలిందేమీ లేదని తీర్మానించుకుంది. తాళం సంగతి, గ్రైండరు సంగతి, కట్టు సంగతి, కాఫీ సంగతి. నాలుగూ వరసగా అడుగుతుంది. అందరూ వినేట్టు అడుగుతుంది.

ఆమెకన్నా ముందే తల్లి మొదలుపెట్టింది.

వరండా చివర గోడకి ఆనుకుని మాష్టారు, ఎదురుగా తల్లి. బెంచీల మీద పేషెంట్లు ఒక కన్ను మూతతో, ఒక కన్ను తెరిచి చూస్తున్నారు.

"ఏ చెయ్యి? చూపించు. సిస్టరే అంది విరగ్గొట్టాలని. కుడిదా, ఎడమదా?"

"అమ్మా, నా మాట వినండి..."

"రోజూ పన్నెండు వందల మంది మాట వింటాను, నీ మాట ఒకటి తక్కువైందా నాకు? చెయ్యి చూపించు!"

తల్లి అతని మణికట్టు పట్టుకుంది. అతను లాక్కోలేదు. అరచెయ్యి తెరిచే ఉంచాడు. పెద్ద చెయ్యి, బొటనవేలు గోరు నలిగి నల్లబడి ఉంది. తల్లి తోలుసంచి ఎత్తి ఆ చేతి మీద కొట్టింది. రెండోసారి కొట్టింది. లోపల చిల్లర గలగలమంది.

"నేను సొంత తెలివితో ఏదీ చెయ్యలేదమ్మా" అన్నాడు. "నాకు నేర్పిందే చేశాను. అక్షరం తప్పకుండా చేశాను."

"ఎవరు నేర్పారు?" అని అడిగింది సిస్టర్. ఇరవై ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్న. ఇప్పటికి ఒకడు దొరికాడు.

"ఈ ఆస్పత్రివాళ్ళే మేడమ్."

"నోటికొచ్చింది చెప్పకు. ఈ ఆస్పత్రిలో ఎవరూ అలా నేర్పరు."

"నేర్పారు. అప్పుడు నేను అదే బళ్ళో ఫిట్టర్ మొదటి ఏడు. పదహారేళ్ళు నాకు. వ్యానులో వచ్చారు. ఒక సన్నటి నర్సమ్మ మమ్మల్నందరినీ నేల మీద కూర్చోబెట్టి మూడుసార్లు అనిపించింది. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను." అతను ఊపిరి తీసుకుని, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "కంటికి గాయమా? దూది పెట్టు, గట్టిగా కట్టు, ఆస్పత్రి దారి పట్టు."

వరండాలో ఎవరో నవ్వారు.

"గోడ మీద కూడా రాయించారు. ఏటా రంగు వెలిస్తే నేనే మళ్ళీ వేయిస్తాను" అన్నాడు. "పిల్లలందరికీ వచ్చు. ఆ పిల్లక్కూడా వచ్చు. నేను కడుతుంటే తనే అంది, ఇంకా గట్టిగా కట్టండి సార్ అని."

సిస్టర్ అక్కడే నిలబడి ఉంది.

ఇరవై రెండేళ్ళ కిందట ఆస్పత్రికి కొత్త వ్యాను వచ్చింది. నలభై బళ్ళు తిరగాలి, బడికి ముప్పావుగంట. ఆమెకు అప్పుడు ముప్పై రెండేళ్ళు. గోడల మీద రాయించడానికి పది సూత్రాలు కావాలంటే, రాసే పని ఆమెకు అప్పజెప్పారు. కంటి గురించి పెద్ద సిస్టర్ రెండు మాటలు చెప్పింది. రెప్ప తెగితే కట్టు కట్టు. గుడ్డు తెగితే చెయ్యి తియ్యి. ఆమె రెండూ రాసింది. బాగాలేదు. పొడుగైంది. రెప్ప ఏదో, గుడ్డు ఏదో పిల్లలకేం తెలుస్తుందనుకుంది. రెండోది కొట్టేసింది. మొదటిదాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి మూడు మాటలు ఒకదాని వెనక ఒకటి గలగలా వచ్చి కూర్చున్నాయి. పెట్టు, కట్టు, పట్టు. ఆ సాయంత్రం భర్తకి వినిపిస్తే, నువ్వు కవివే అన్నాడు. పెద్దాయన, అప్పటి సూపరింటెండెంటు, వీపు తట్టాడు. పిల్లలు చచ్చినా మర్చిపోరు అన్నాడు.

వాళ్ళు మర్చిపోలేదు. ఆమె మర్చిపోయింది. రెండేళ్ళ తర్వాత ఒక కొత్త డాక్టరు కప్పు పెట్టడం చూపించాడు, ఎందుకో చెప్పాడు. ఆమె ఆ రోజు నుంచీ కట్ల మీద కోపం పెంచుకుంది. ఆ కోపం ఆమెను ఎప్పుడూ వెనక్కి చూడనివ్వలేదు.

మాట్లాడకపోతే ఎవరికీ తెలిసేది కాదు. మాష్టారు రెండు గంటలుగా ఆమె ముఖంలోకే చూస్తున్నాడు, పోల్చుకోలేదు. సన్నటి నర్సమ్మ లావెక్కింది, జుట్టు తెల్లబడింది, కళ్ళద్దాలు వచ్చాయి. పైగా అతని తప్పులు అతనికున్నాయి. తాళం అతనిదే. విచ్చుకున్న ఉలి అతనిదే. వాటి మీద నిలబడి సాయంత్రం దాకా తిట్టొచ్చు.

తల్లి సంచి మళ్ళీ ఎత్తింది.

"ఆగండి" అంది సిస్టర్. "ఆ సన్నటి నర్సు నేనే."

తల్లి సంచి ఎత్తినది ఎత్తినట్టే ఆమెవైపు తిరిగింది.

"ఆ పాట రాసింది నేను. తప్పు రాశాను. అతను నేను చెప్పింది చేశాడు. చెయ్యి విరగ్గొట్టాలన్నాను కదా. ఆ మాట కూడా నాదే." గొంతు పెరిగింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. "నువ్వూ! ఇన్నేళ్ళు రంగు వేయించావు, ఒక్కసారి కూడా అడగాలనిపించలేదా ఇది నిజమా అని?"

"ఎవర్ని అడగాలి మేడమ్?" అన్నాడు మాష్టారు. "మీరే చెప్పారు కదా."

తల్లి సంచి దించింది. సిస్టర్‌ని కిందనుంచి పైకి చూసింది, టికెట్ లేకుండా దొరికినవాళ్ళని చూసినట్టు.

"ఆపరేషన్లో మీరుంటారా?"

"ఉంటాను. వద్దంటే ఇంకొకరిని..."

"చెయ్యి బాగా తిరిగినవాళ్ళు ఎవరు?"

గలాటా విని పిల్ల దగ్గర్నుంచి గుమ్మం దాకా వచ్చిన ఆయా వెనకనుంచి చెప్పింది, "అక్కే."

"అయితే లోపలికెళ్ళి నా పిల్లని చూడండి" అంది తల్లి. "మీ సంగతి తర్వాత."

ఆరున్నరకి పిల్లకి మత్తు ఇచ్చారు. మైక్రోస్కోపు కింద కన్ను పళ్ళెమంత కనబడింది. డాక్టరమ్మకి ఆమె ఒక్కొక్క పనిముట్టు అందించింది. బయటికొచ్చిన పొరని మెల్లగా లోపలికి సర్దారు. కొంత నలిగి నల్లబడింది, దాన్ని కత్తిరించాల్సి వచ్చింది. ఆ తర్వాత కుట్లు. ఆ దారం వెంట్రుకలో మూడోవంతు కూడా ఉండదు. గాలి తగిలినా ఎగురుతుంది. అడగకముందే చేతిలో ఉండాలి. ఉంది. అయిదు కుట్లు.

చేతులు కడుక్కుంటూ సిస్టర్ అడిగింది. "కట్టు వల్ల ఎంత పోయింది?"

వరండాలో జరిగిందంతా డాక్టరమ్మకి అప్పటికే ఆయా చెప్పేసింది. "ఇనుప ముక్క చేసిందెంతో, కట్టు చేసిందెంతో విడదీసి చెప్పలేం సిస్టర్. కట్టు లేకపోయినా ఇలాగే ఉండేదేమో."

"ఉండేది కాదేమో."

"కాదేమో కూడా" అంది డాక్టరమ్మ. "అప్పట్లో చాలాచోట్ల అలాగే చెప్పేవాళ్ళు."

"పెద్ద సిస్టర్ నాకు సరిగానే చెప్పింది. నేనే కొట్టేశాను. పాట కుదరలేదని." ఆమె కుళాయి కట్టేసింది. చెయ్యి జారి నీళ్ళు మళ్ళీ చిమ్మాయి. ముప్పయ్యేళ్ళలో ఆ కుళాయి దగ్గర ఆమె చెయ్యి జారడం అదే మొదలు.

మూడో రోజు రెటీనా డాక్టరు తెల్లగుడ్డు పక్కనుంచి వెళ్ళి ఇనుప ముక్కని తీశాడు. చెడిపోయిన కటకం కూడా తీసేశాడు. చిన్న గాజు సీసాలో ఆ ముక్కని వేసి పిల్లకిచ్చారు. ఆమె ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఇంతేనా?" అంది.

వారం తర్వాత చూస్తే, చెయ్యి దూరంలో వేళ్ళు లెక్కపెట్టగలిగింది. ఆర్నెల్ల తర్వాత కొత్త కటకం పెడితే ఇంకొంచెం రావచ్చు. వెలుతురు సందు చూసేంత వస్తుందని ఎవరూ అనలేదు.

ఇంటికి పంపే రోజు సిస్టర్ మంచం దగ్గర నిలబడి చెప్పింది. వరండాలో చెప్పిందే చెప్పింది, ఏమీ కలపలేదు. తల్లి అప్పటిదాకా పిల్లకి చెప్పలేదు. ఎవరు చేశారో వాళ్ళే చెప్పాలి అంది.

పిల్ల సీసాలోని ఇనుప ముక్కని ఒకసారి కుదిపి పక్కన పెట్టింది.

"నేనే అన్నాను" అంది. "ఇంకా గట్టిగా కట్టండి సార్ అని. నొప్పి పుట్టింది. అయినా అన్నాను. ఎందుకంటే పాటలో అలాగే ఉంది." పెదవి బిగించింది. "అది రాసినప్పుడు మిమ్మల్ని ఒక్కసారి తిట్టడానికి ఎవరూ లేరా సిస్టర్?"

"నువ్వు తిట్టు."

"తిట్టను. తిడితే మీకు హాయిగా ఉంటుంది." గోడవైపు తిరిగి పడుకుంది. అటునుంచే అంది, "అది ఇంకా గోడ మీదే ఉంది. నిన్న మా క్లాసువాళ్ళు చెప్పారు. మాష్టారు కొట్టేయబోతే ప్రిన్సిపాలు ఆపాడట, ఆస్పత్రి నుంచి కాగితం రావాలని."

కాగితం కోసం సిస్టర్ ఆస్పత్రి ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి గుమాస్తా ఫైలు తిప్పాడు. నలభై బళ్ళ జాబితా దొరికింది, కింద ఆమె సంతకంతో. జాబితా నకలు తీసుకుంది. కొత్త కాగితం కావాలంటే కమిటీ కూర్చోవాలన్నాడు. "అప్పుడు మాత్రం ఏ కమిటీ కూర్చుంది?" అని అడిగింది. గుమాస్తా చెవి మీంచి పెన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమె కాగితం కోసం ఆగలేదు.

ఆ వారం కాక ఆ పై వారం, సోమవారం నాడు సెలవు పెట్టి శిక్షణ పాఠశాలకి వెళ్ళింది. సంచిలో రెండు గరిటెలాంటి గీకుడు రేకులు, ఒక చిన్న డబ్బా తెల్ల రంగు, యాభై కోసిన కప్పులు. ప్రిన్సిపాలు అడ్డం వచ్చాడు. "ఆ గోడ మీదిది నా రాత. నా రాత నేను చెరుపుకుంటాను. పోలీసుల్ని పిలుచుకో" అంది. అతను పిలవలేదు, పక్కకి తప్పుకున్నాడు.

వర్క్‌షాపులో ముప్పై బిగింపు బల్లలు. గ్రైండరు తిరుగుతోంది, మాష్టారు సొంతంగా మోటారు విప్పి బాగుచేశాడట. పిల్లలందరి కళ్ళ మీదా అద్దాలున్నాయి. బీరువా తలుపు తాళంతో సహా ఊడదీసి గోడకి ఆనించి ఉంది. మాష్టారు ఆమెను చూసి తల వంచుకుని తన పని చేసుకున్నాడు. ఆమె కూడా నమస్కారం పెట్టలేదు.

కిటికీ పక్క బల్ల దగ్గర పిల్ల. కుడి కంటి మీద పారదర్శకమైన మూత, దాని మీద అద్దాలు. మూలమట్టం ఎత్తి పట్టుకుని ఎడమ కంటితో చూస్తోంది. చూసి, దించి, ఆకురాయి తీసుకుని ఒక్క గీకు గీకి, మళ్ళీ ఎత్తింది. పరీక్ష అయిపోయింది. ఆమె రాయలేదు. మళ్ళీ ఏడాదికి ఉంది.

గోడ మీద తొమ్మిది సూత్రాలు నల్లగా, పదోది, కంటిది, ఎర్రగా. అందరికీ ఇష్టమైనదని ఎర్రరంగు వేయించారు. సిస్టర్ రేకు ఆనించి గీకింది. ఎర్రరంగు లేచింది. దాని కింద అదే మాట నీలంగా. నీలం గీకితే ఆకుపచ్చగా. ఏటా ఒక పూత. ఆమె రేకుని వాలుగా పెట్టి బలమంతా వేసింది. పెచ్చు ఒకటి ఎగిరి చెంపకి తగిలింది.

వెనకనుంచి చెయ్యి ఒకటి ఆమె మణికట్టు పట్టుకుంది. నూనె, ఇనుము వాసన.

"ఆపండి" అంది పిల్ల.

"ఎందుకు?"

పిల్ల తన కళ్ళద్దాలు కాదు, బీరువాలోంచి తెచ్చిన ఇంకో జత చూపించింది. "పెట్టుకోండి ముందు."

"రంగు గీకడానికి కూడానా? నాకున్నాయిగా కళ్ళద్దాలు."

"అవి చదువుకోడానికి. పక్కల నుంచి పెచ్చు దూరుతుంది." గొంతులో జాలి లేదు. "మీ మీద నాకు కోపం పోలేదు సిస్టర్. పోతుందని కూడా అనుకోకండి. పెట్టుకోండి."

సిస్టర్ తన అద్దాల మీదే వాటిని పెట్టుకుంది. రబ్బరు పట్టీ జుట్టులో చిక్కుకుంది. పిల్ల వెనక్కి వెళ్ళి సరిచేసింది, గట్టిగా లాగి.

"ఎన్ని గోడలు?"

"నలభై. ఇది మొదటిది."

"కొత్తగా ఏం రాస్తారు ఇక్కడ?"

సిస్టర్ సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. ఏడు వాక్యాలున్నాయి. పిల్ల కాగితాన్ని ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని చివరిదాకా చదివింది. ఎక్కడైనా రెండు మాటలు ఒకేలా మోగుతున్నాయేమోనని మళ్ళీ చదివింది.

"చాలా పొడుగుంది" అంది.

"ఉండనీ."

"ఉండనివ్వండి" అంది పిల్ల. కాగితం ఇచ్చేసి, కొంచెం పక్కకి జరగమని చేత్తో సైగ చేసింది. "నా బల్ల మీద వెలుతురు పడట్లేదు."

సిస్టర్ జరిగింది. పూతలన్నిటి అడుగున, గోడకి అంటుకుని, ఇంకోటి ఉంది. అది నలుపు, ఆమె రాసిచ్చిన నాటిది. రేకు ఆనించింది.